గట్టి గుడిసె

కొమ్మ విరిగిన చప్పుడు ముందు వినిపించింది. తను పడుతున్నట్టు బక్కయ్యకు ఆ తర్వాతే తెలిసింది.

ఆ కొమ్మ మీదికి పోనని అతను ముందే అన్నాడు. పైకి పచ్చగా ఉన్నా మొదట్లో పుచ్చిన గుర్తు కనిపిస్తూనే ఉంది. "కొసకు మస్తు ఆకుంది. గది కొట్టు" అని కింద నుంచి గుర్వయ్య గొడ్డలి ఎత్తి చూపించాడు. చెట్టు చుట్టూ గొర్లు తలలెత్తి ఎదురుచూస్తున్నాయి. ఆ ఎండాకాలంలో నారేపి చెట్లకు తప్ప మరెక్కడా పచ్చటాకు లేదు. రెండు గుట్టల నడుమ లోతుగా దిగిన ఆ లొద్దిలో ఊటనీళ్లు కూడా ఉంటాయని, మక్తల్ దిక్కు నుంచి మందను నల్లమల అంచుదాకా తోలుకొచ్చారు. అది పులుల కోసం కట్టడి చేసిన అడవి. గొర్రె కాలు పెడితే కేసు.

బక్కయ్య బండ మీద పడ్డాడు. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగింది. చర్మం కింద ఎముక కొసదేలి కనిపించింది. నెత్తురు పెద్దగా రాలేదు.

గుర్వయ్య భార్య సత్తమ్మ ఉరికొచ్చింది. మంద వెంట వంట చేసేదీ, ఈనే గొర్లను కనిపెట్టుకునేదీ ఆమే. కొడుకు దామోదర్ ఆమె వెనకే వచ్చి, కాలును చూసి మొహం తిప్పుకున్నాడు. గుర్వయ్య మాత్రం కాలు వైపు ఒక్కసారే చూసి, గుట్ట మీది బాట వైపు చెవి పెట్టి విన్నాడు. అటవీశాఖవాళ్ల జీపు చప్పుడేమీ లేదు.

"అరువకు బక్కిగా. పండ్లు బిగవట్టు."

"మోస్కపోదాం," అంది సత్తమ్మ. "గుట్టెక్కితే రోడ్డే గద. ఏదన్న బండి దొరుకుతది."

"రోడ్డు మీద చెక్‌పోస్టున్నది. ఏడ పడ్డడు, ఏం జేస్తుంటే పడ్డడు అని అడుగరా? పోయినేడు మా సడ్డకుని మందను పట్టుకున్నరు. ఇడిపించేసరికి సగం గొర్లు ఆడ్నే సచ్చినయి."

"మరి ఎట్ల?"

"ముందుగాల మందను అడివి దాటియ్యాలె. దాటంగనే దామోదర్ ఆటో తెస్తడు. రేపు. గీ ఒక్క రాత్రికి ఈడ గుడిసె ఏస్తం." బక్కయ్య వైపు తిరిగాడు. "ఏమంటవ్రా?"

అడగడం అడిగాడు గానీ, గొడ్డలి అప్పటికే భుజానికెక్కింది.

"రేపు గదా అన్నా," అన్నాడు బక్కయ్య.

"రేపే."

బక్కయ్యను చెట్టు నీడలో గొంగడి మీద పడుకోబెట్టి పనికి దిగారు. అక్కడి నుంచి అంతా కనిపిస్తూ ఉంది. దామోదర్ పంగలున్న కర్రలు కొట్టుకొచ్చాడు. గుర్వయ్య గడ్డపారతో గుంతలు తీసి, ఒక్కొక్క గుంజనూ నిలబెట్టి, అడుగున రాళ్లు దిగ్గొట్టి, మట్టి కూరి కాలితో తొక్కాడు. చేత్తో ఊపి చూసి, కదిలితే మళ్లీ రాయి దిగ్గొట్టాడు. నారేపి బెరడు చీల్చి నార తీసి కట్లు కట్టాడు. సత్తమ్మ లొద్ది అంచున బోదగడ్డి కోసి మోపులుగా తెస్తోంది. కింది వరుస పరిచి, దాని మీద ఇంకో వరుస, నీళ్లు జారిపోయేటట్టు కొసలు కిందికి సవరిస్తూ కప్పారు. ఆ పైన మందలో గొర్రెపిల్లల కోసం తెచ్చుకున్న నీలం టార్పాలిన్ పరదాను పరిచి నాలుగు మూలలా లాగి కట్టారు.

మొదట బక్కయ్యకు మనసు నిండింది. గుర్వయ్య దగ్గర జీతం ఉండబట్టి ఎన్నో ఏండ్లయినా, తన కోసం అతను చెమటోడ్చగా చూడటం ఇదే మొదటిసారి.

తర్వాత ఏదో తేడా తగిలింది. ఒక్క రాత్రి మజిలీకి ఎవరూ గుంతలు తీసి గుంజలు పాతరు. నాలుగు కర్రలు దేనికో ఆనించి, పైన గొంగడి వేసుకుని పడుకుంటారు. తాము ఊరొదిలినప్పటి నుంచి అట్లాగే పడుకుంటున్నారు. గుడిసె చుట్టూ పరికికంప ఎత్తుగా పేర్చారు. సరే, జంతువులు తిరిగే జాగా. కానీ గుర్వయ్య అక్కడితో ఆగలేదు. గడ్డపార తీసుకుని గుడిసె చుట్టూ కాలువ తవ్వడం మొదలుపెట్టాడు. వాననీళ్లు లోపలికి రాకుండా తీసే కాలువ.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

"కాలువెందుకన్నా?"

గుర్వయ్య గడ్డపార ఆపలేదు. "వానొస్తే?"

"రేపు పోయేటోనికి గూడనా?"

"పండుకో. మాట్లాడితే కాలు గుంజుతది."

బోద సవరిస్తున్న సత్తమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆమె తలెత్తలేదు. చేతులు మళ్లీ కదిలాయి.

పొద్దు వాలకముందే కాలికి రెండు వైపులా కర్రలు పెట్టి కట్టి, అతన్ని లోపలికి మోశారు. క్యాను నిండా నీళ్లు, జొన్నరొట్టెల మూట, ఉల్లిగడ్డలు, అగ్గిపెట్టె తల దగ్గర పెట్టారు. గుర్వయ్య గుమ్మంలో వంగి చెయ్యి చాపాడు.

"నీ ఫోనియ్యి. ఈడ సిగ్నల్ లేదు. గుట్టెక్కినంక నీ బిడ్డకు నేనే చెప్త."

బక్కయ్య కూతురు మెర్సీ కొత్తకోటలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె నంబరు చూసి నొక్కడం అతనికి తెలుసు గానీ నోటికి చెప్పడం రాదు. ఫోను ఇచ్చేశాడు. గుర్వయ్య దాన్ని బనీను జేబులో వేసుకుని, కంపతో అల్లిన తడకను గుమ్మానికి అడ్డం పెట్టించాడు. మంద గంటల చప్పుడు గుట్ట ఎక్కుతూ సన్నబడి, ఒకచోట ఆగిపోయింది.

*

మరుసటి రోజంతా బక్కయ్య ఆటో చప్పుడు కోసం విన్నాడు. లొద్దిలోకి ఆటో దిగదని తెలుసు. అయినా గుట్ట మీద ఆగిన చప్పుడు వినిపిస్తుంది గదా అనుకున్నాడు. ఎండ గుడిసె మీదికొచ్చినప్పుడు పరదా వేడెక్కి లోపల ఉడికినట్టయింది. దారిలో గొర్రె ఏదో ఈనిందేమో. దామోదర్‌కు కిరాయి కుదరలేదేమో. అడవోళ్లు తిరుగుతున్నారేమో. సాయంత్రందాకా వాళ్ల తరఫున తనే ఒక్కొక్క కారణం వెతికి పెట్టాడు.

ఆ మర్నాడు కారణాలు అయిపోయాయి. కాలు తొడదాకా ఉబ్బింది. కట్టు బిగుసుకుని, దాని కింద చర్మం నల్లబడుతోంది. చీమలు వరుసగా వచ్చి కట్టు అంచున చేరాయి. దులిపిన కొద్దీ వచ్చాయి. యేసయ్యా అన్నాడు ఒకటి రెండుసార్లు. తర్వాత అది కూడా నోరెండిపోయే పనిలా అనిపించి మానేశాడు.

క్యాను ఖాళీ అయింది. ఊట కిందనే ఉంది, నీళ్లు రాయి మీది నుంచి జారే చప్పుడు వినపడుతోంది. మోచేతుల మీద పాకి గుమ్మందాకా వచ్చి తడకను తోశాడు. కదల్లేదు. కంప సందుల్లోంచి చూస్తే, తడకను బయటి నుంచి నారతో గుంజకు కట్టి ఉంది. ముళ్ల మధ్య నుంచి చెయ్యి దూర్చి ముడి వెతికాడు. ముడి కూడా గట్టిగానే వేశారు. విప్పేసరికి ముంజేయి నిండా చారలు పడ్డాయి.

ఊటదాకా వెనక్కి పాకుతూ, కాలును ఈడ్చుకుంటూ పోయాడు. తాగినన్ని తాగాడు. నిండిన క్యానును లాక్కుని ఎత్తు ఎక్కలేక సగం పారబోశాడు. గుడిసె ముందు వెల్లకిలా పడి, వేసినవాళ్ల పనితనాన్ని మళ్లీ చూశాడు. గాలికి ఒక్క బోదపుల్ల లేవలేదు. మందలో కాలు విరిగిన గొర్రె ఉంటే గుర్వయ్య ఆ పూటే కోసేస్తాడు, దానికోసం గుడిసె వేయడు. మనిషిని కోయరాదు కాబట్టి ఇంత పని పెట్టుకున్నాడు.

*

మబ్బు పడమట నుంచి లేచింది. మధ్యాహ్నానికే లొద్దిలో వెలుగు తగ్గింది. గుట్ట మీది నుంచి రాళ్లు దొర్లిన చప్పుడు విని బక్కయ్య మోచేతుల మీద లేచాడు. దామోదర్ ముందు, సత్తమ్మ వెనక దిగి వస్తున్నారు. అతనికి కండ్ల నిండా నీళ్లొచ్చాయి. వాళ్ల మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"వస్తిరా," అన్నాడు. "ఆటో గుట్ట మీద పెట్టిన్రా?"

దామోదర్ ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వస్తది. ఆటో వస్తది." గుడిసె పక్కకు పోయి పరదా మూల తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"గదేందయ్యా?"

"గొర్లు నడిమిట్ల ఈనినయి బక్కన్నా. పిల్లలు గింతగింతున్నయి. రాళ్లవానొచ్చేటట్టుంది, పరదా లేకుంటే ఒక్కటి బతుకది. నాయిన తెమ్మన్నడు."

"మరి నేను?"

"నీకు బోదుంది గద. రెండు వరుసలేసినం."

ఒక మూల కిందికి జారింది. బక్కయ్య గుమ్మంలోంచి చెయ్యి చాపి దాన్ని పట్టుకున్నాడు. దామోదర్ లాగలేదు. పక్కన కూర్చుని, కంపలో చిక్కిన పిల్ల ఉన్నిని తప్పించినట్టు, అతని వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విప్పాడు.

సత్తమ్మ అదంతా చూస్తూ నిలబడింది. చేతిలో సత్తుపళ్లెంతో కలిపి కట్టిన రొట్టెల మూట ఉంది. పక్కకు పడి ఉన్న తడకను, బక్కయ్య ముంజేయి మీది చారలను చూసింది.

"అక్కా, మెర్సీకి ఫోన్ జేసిన్రా?"

ఆమె కొడుకు వైపు చూసింది. అతను పరదా మడతపెడుతున్నాడు. "ఫోన్ ఆయన కాడుంది," అంది. "బందు వెట్టిండు."

దామోదర్ పరదా భుజాన వేసుకున్నాడు. "నడువమ్మా. మొగులు దిగుతాంది."

సత్తమ్మ గుడిసె ముందు కింద కూర్చుంది. "నువ్ పో."

"గిదేంది?"

"లొద్దిల ఇద్దరున్నరని మీ నాయినకు చెప్పు. బక్కయ్య కోసం రాకున్నా నా కోసం వస్తడు గద. ఆటో తెమ్మను, మోసేటందుకు మనుషుల తెమ్మను."

"నాయిన కోపం నీకు ఎరుకలేదా?"

"ఎరికే. పో."

అతను తల్లి వైపు కంటే ఆకాశం వైపే ఎక్కువ చూశాడు. చివరకు పరదాను సర్దుకుని గుట్టెక్కాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు గానీ ఆగలేదు.

గాలి మొదలవగానే సత్తమ్మ కొమ్మలు విరిచి గుడిసె మీదికి విసిరింది. తర్వాత రాళ్లవాన పడింది. బోద మొదట కాసేపు ఆపింది. ఆ తర్వాత వడగండ్లు సందుల్లోంచి జారి లోపల పడటం మొదలైంది. సత్తమ్మ రొట్టెలు తెచ్చిన సత్తుపళ్లాన్ని రెండు చేతులా ఎత్తి బక్కయ్య కాలి మీద పట్టుకుంది. పళ్లెం మోగుతూనే ఉంది. ఆమె నుదురు పగిలి నెత్తురు కనుబొమ్మ మీదికి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చుట్టూ తవ్విన కాలువ మాత్రం నీళ్లను చక్కగా లాగేసుకుంది.

వాన వెలిశాక ఇద్దరూ తడి మట్టిలో వణుకుతూ ఉన్నారు. ఆమె వేలితో నేల గీకుతూ అంది: "వారం అన్నడు."

"ఎవలు?"

"ఆయనే. 'ఏటి అవుతలికి చేరేదాక వారం పడుతది. గుడిసె గట్టిగ ఏస్తే అందాక ఉంటడు తియ్యి' అన్నడు. నేను బోద కోసిన."

"నాకెరికే. కాలువ తీసినప్పుడే ఎరుకైంది."

"మరి అడుగకపోతివి?"

"అడిగితే?"



*

"పొద్దుగాల్లనే వస్తడు," అని తెల్లారగానే సత్తమ్మ కొంగు పిండుకుని జుట్టు ముడేసుకుంది. ఊటకు పోయి నీళ్లు తెచ్చింది. కట్టు వదులు చేసి, కాలు కడిగింది. నీళ్లు పోస్తుంటే లేచిన వాసనకు కొంగు ముక్కుకు చుట్టుకుని పని సాగించింది.

ఎండ ఎక్కాక గుట్ట వైపు చూడటం మొదలుపెట్టింది. "రాళ్లవానకు పిల్లలేమన్న పోయినయేమో. సర్దుకోని వస్తడు." ఇంకాసేపటికి, "ఆటోలోడు లొద్దిదాక రానన్నడేమో" అంది. ఆ తర్వాత, "అడివోళ్లు తిరుగుతున్నరేమో."

బక్కయ్య ఆ మాటలన్నీ ముందే అనుకున్నాడు. అదే వరుసలో. ఏమన్నా ధైర్యం చెప్పవచ్చు, చెప్పలేదు. తను రెండు దినాలు తిన్నదాన్ని ఆమె కూడా తింటుంటే అతనికి కొంచెం తృప్తిగా ఉంది. ఆ తృప్తికి సిగ్గుపడే ఓపిక అతనిలో లేదు.

పొద్దు నెత్తిమీది నుంచి దిగేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. మోకాళ్లు ముడుచుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది. నుదుటి గాయం మీద ఈగలు వాలుతుంటే తోలుకోవడం లేదు. చాలాసేపటికి లేచి చీర కుచ్చిళ్లు ఎగదోపింది.

"రోడ్డుకు పోతున్న."

"చెక్‌పోస్టుకా?"

"ఆఁ."

"మంద పోతదక్కా."

"నేను లేకున్నా మంద నడుస్తనే ఉన్నది గద," అంది ఆమె. నీళ్ల క్యాను అతని చేతికందేంత దగ్గరికి జరిపి గుట్టెక్కింది.

ఆమె తిరిగొస్తుందని బక్కయ్య అనుకోలేదు. పోయినవాళ్లెవరూ అతని కోసం తిరిగి రాలేదు. క్యానులో నీళ్లు ఎన్ని పూటలకొస్తాయో చూసుకుని, మూత బిగించి, కండ్లు మూసుకున్నాడు.

ఎవరో భుజం పట్టి కదిపితే తెరిచాడు. ఖాకీ చొక్కాల వాచర్లు ఇద్దరు, వాళ్ల వెనక ఆయాసపడుతూ సత్తమ్మ. గుంజలు ఊడదీసి స్ట్రెచర్ కడదామని వాచర్లు గుడిసెను పట్టి ఊపారు. ఎంత ఊపినా ఒక్కటీ ఊడలేదు. "ఎవడు పాతిండురా వీటిని," అని ఒకతను విసుక్కుని, పోయి కొత్త కర్రలు కొట్టుకొచ్చాడు.

*

దవాఖానలో అతని కాలును మోకాలి పైదాకా తీసేశారు. ఊరి మీదుగా కబురంది మెర్సీ ఉరికొచ్చింది. ముందే తెచ్చి ఉంటే కట్టుతో పోయేదని డాక్టరు మెర్సీతో అన్నాడు. మెర్సీ ఆ మాట తండ్రికి చెప్పలేదు గానీ, వార్డులో పక్క మంచం మనిషి చెప్పాడు.

సత్తమ్మ మంచం పక్కన నేల మీదనే ఉంటోంది. చెక్‌పోస్టు దగ్గర ఆమె 'మా ఊరి మనిషి పడి ఉన్నడు' అని మాత్రమే చెప్పింది. మంద మాట ఎత్తలేదు.

గుర్వయ్య తెల్లచొక్కా తొడుక్కుని, కవరులో బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంద అప్పటికి ఏరు దాటిపోయింది. దుప్పటి కింద కాలు లేని చోటును చూడకుండా, బక్కయ్య మొహం మీదనే చూపు పెట్టాడు.

"నేనొద్దామనే ఉన్నరా. మందను దాటిచ్చి వద్దామనుకున్న. గంతట్ల గీమె ఆగమాగం జేసె." బత్తాయిలు మంచం మీద పెట్టాడు. "గంత రాళ్లవానకు గూడ ఒక్క పిల్ల పోలె. పరదా కప్పంగ అన్ని బతికినయి." గొంతు తగ్గించాడు. "అడివోళ్లు అడుగుతరు. జర సూస్కోని మాట్లాడు. మెర్సీ రేపు మన ఊర్లెనే బతకాలె గద."

మెర్సీ తలెత్తింది. బక్కయ్య ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు.

అటవీశాఖ బీటాఫీసర్ రూప వచ్చినప్పుడు గుర్వయ్య గోడవారకు జరిగి, వేరే రోగి తాలూకు మనిషిలా నిలబడ్డాడు. ఆమె పాతికేళ్ల పిల్ల, నిదానంగా మాట్లాడుతోంది.

"లొద్దిలో నారేపి చెట్లన్నీ కొట్టి ఉన్నాయి. గొర్ల పెంట ఉంది. ఎవరి మంద పెద్దయ్యా?"

బక్కయ్య గోడ వైపు చూడలేదు. కూతురి చేతిని చూశాడు. "యాదికి లేదు మేడం," అన్నాడు.

"గుడిసె ఎవరు వేశారు?"

"యాదికి లేదు."

గుర్వయ్య వదిలిన ఊపిరి వినిపించింది. రూప ఇంకేమీ అడగలేక, నేల మీద కూర్చున్న మనిషి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పమ్మా. మీ ఆయన పేరేంది?"

 సత్తమ్మ కాలపు ఆడవాళ్లు భర్త పేరు నోట పలకరు. ఊళ్లో ఎవరడిగినా 'మా దామోదర్ వాళ్ల నాయిన' అంటుందని బక్కయ్యకు తెలుసు. ఆమె మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది.

"గుర్వయ్య," అంది. "బండారి గుర్వయ్య. గా గోడకున్నడు సూడు, గాయన్నే. మంద మాదే. చెట్టెక్కుమన్నది ఆయన. గుడిసె కట్టింది ఆయన, నా కొడుకు దామోదర్. బోద కోసింది నేను. వారందాక రామని నాకెరికే. నా పేరు సత్తమ్మ. అది గూడ రాసుకో బిడ్డా."

 గుర్వయ్య మంచం దగ్గరికి వచ్చి భార్యను ఎగాదిగా చూశాడు. చెయ్యి ఎత్తబోయి, రూప ఉండటం చూసి దించుకున్నాడు.

"ఇగ నా గడప తొక్కకు," అన్నాడు. బత్తాయిల కవరు తీసుకుని, బయటికి నడిచాడు. రూప అతని వెనకే పోయింది.

బక్కయ్య అప్పుడు గోడ వైపు తిరిగాడు. మెర్సీ ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి అంచు సర్దింది. చివరకు అడిగింది: "ఇప్పుడేడికి పోతవ్ పెద్దమ్మా?"

"ఎరుకలేదు బిడ్డా."

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. కట్టు మార్చాలి, ఎవరన్నా తొడను కదలకుండా అదిమి పట్టాలి అంది. మెర్సీ ముందుకొచ్చి, కట్టు పొరలు విప్పగానే కండ్లు మూసుకుని వెనక్కి జరిగింది.

సత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, వచ్చి పట్టుకుంది.